ఆకుపచ్చ వలదారం

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. ప్రమోద్ చెప్పే కథలో అతుకన్నదే కనిపించడం లేదు. వసుమతికి నచ్చనిది అదే. నిజం చెప్పేవాడు తడబడతాడు, వెనక్కి వెళ్లి దిద్దుకుంటాడు, మధ్యలో ఏదో ఒకటి మర్చిపోతాడు. ఈయన పోలీసులకు చెప్పిందీ, పేపరువాళ్లకు చెప్పిందీ, ఇప్పుడు తనకు చెబుతున్నదీ ఒకే అచ్చులో పోసినట్టుంది.

అమీర్‌పేటలో వంప్రా సాఫ్ట్ అనే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో, మొదటి అంతస్తులో యజమాని గది అది. పేరులో మొదటి అక్షరం భాగస్వామి వంశీకృష్ణది, రెండోది ప్రమోద్‌ది. బల్లకు అవతల ప్రమోద్ కూర్చున్నాడు, ఇవతల ప్రైవేటు డిటెక్టివ్ వసుమతి. కిటికీ పక్కన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హనుమత్ప్రసాద్ టోపీ ఒళ్లో పెట్టుకుని, చల్లారిపోయిన టీ వైపు చూస్తూ విసుగ్గా ఉన్నాడు. వంశీకృష్ణ సముద్రంలో మునిగిపోయాడని ప్రమోద్ చెప్పి పది రోజులైంది. శవం దొరకలేదు.

వంశీ చెల్లెలు మంజూష మిస్సింగ్ కంప్లయింటు ఇచ్చింది. ఆ కంప్లయింటు వెనక్కి తీసుకుంటున్నానని, అన్నయ్య చావు మీద తనకు అనుమానం లేదని, ఈ సాయంత్రం నాలుగింటికి ఆ అమ్మాయి స్టేషన్లో సంతకం పెట్టాలి. పెడితే ఫైలు మూతపడుతుంది. ఇక వంశీని బతికున్నా, చచ్చినా వెతికే నాథుడుండడు. తను పెట్టుకున్న వసుమతి గారు సముద్రం వైపు నుంచి తిరిగొచ్చి, ప్రమోద్‌తో ఒకసారి మాట్లాడేదాకా సంతకం పెట్టనని మంజూష మొండికేసింది కాబట్టి సి.ఐ. ఈ అరగంట ఇచ్చాడు. ఇప్పటికే మూడు దాటింది.

“మళ్లీ మొదట్నుంచి చెప్పమంటారా?” ప్రమోద్ ఓపిగ్గా అడిగాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. మిత్రుడు పోయిన దుఃఖానికి సరిపడా గడ్డం పెంచాడు.

“చివరి రోజు చాలు,” అంది వసుమతి.

“శివరాత్రి వెళ్లాక ముగ్గురం బయల్దేరామండీ. నేనూ, వంశీ, సుమో నడపడానికి మా బావమరిది. భీమిలి నుంచి ఒడ్డు వెంబడే ఉత్తరంగా పోతూ బెస్తపాలేలన్నీ చూద్దామనుకున్నాం. ఏడాదిగా వంశీ ఆ ఆసుపత్రుల ప్రోగ్రాం రాస్తూ గదిలోంచి కదల్లేదు. గాలి మారితే మనిషి కుదుటపడతాడని నేనే బలవంతం చేశాను. అది తలచుకుంటేనే...” గొంతు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

“మూడో రోజు,” గుర్తుచేసింది వసుమతి.

“మూడో రోజు తెల్లారేసరికి గుల్లరేవులో ఉన్నాం. ల్యాబ్ తెరవాలి కదా అని మా బావమరిదికి సుమో ఇచ్చి పొద్దున్నే హైదరాబాద్ పంపేశాను. మేమిద్దరం సాయంత్రం విశాఖ వెళ్లి రైలెక్కుదామనుకున్నాం. మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యుంటుంది. ఎండ చుర్రుమంటోంది. బెస్తవాళ్లంతా వేట నుంచి వచ్చేసి ఇళ్లలో పడుకున్నారు. ఒడ్డున నరమానవుడు లేడు. ఇసకలో ఒక తెప్ప ఉంది. వంశీ సరదాపడి దాన్ని నీళ్లలోకి తోశాడు.”

“మీరూ చెయ్యి వేశారా?”

“వేశాను. నా పాపం అదే.”

“తెప్ప ఎలా ఉంది?”

“ఎలా ఉండటం ఏంటండీ? నాలుగైదు దుంగలు పక్కపక్కన చేర్చి, రెండు కొసలా తాడుతో కట్టి ఉన్నాయి. తెడ్డు దాని మీదే ఉంది.”

“తాడు బిగుతుగా ఉందా, వదులుగానా?”

“బిగుతుగానే ఉంది. లేకపోతే వాడెందుకు ఎక్కుతాడు? రాళ్లు దాటాక పెద్ద అల వచ్చింది. తెప్ప తిరగబడింది. తర్వాత తెప్ప ఒడ్డుకొచ్చింది, వాడు రాలేదు.”

గాలానికి చేప తగిలినప్పుడు చెయ్యి కదపకూడదని వసుమతి నాన్న చెప్పేవాడు. ఆమె బల్ల మీది మంచినీళ్ల గ్లాసు అందుకుని, మొహం కనపడకుండా నింపాదిగా తాగింది.

“ఏందమ్మా గీ దుంగల లెక్క?” సి.ఐ. కుర్చీలో కదిలాడు. “మనిషి పోయిండు మొర్రో అని ఆయన మొత్తుకుంటుంటే తాడు గట్టిగున్నదా, సన్నగున్నదా అని అడుగుతవ్. టెండరేస్తవా ఏంది?”

“ఇంకో రెండు ప్రశ్నలు, సి.ఐ. గారూ. ప్రమోద్ గారూ, వంశీకి నీళ్లంటే భయమని వాళ్ల చెల్లెలు చెబుతోంది. చిన్నప్పుడు కాలవలో స్నానానికి కూడా దిగేవాడు కాదట.”

“భయస్తుడికే ఒక్కోసారి తెగింపు వస్తుందండీ. సముద్రం అలాంటిది.”

“ఆ సమయానికి ఒంటి మీద ఏమున్నాయి?”

“నీలం చొక్కా. నల్ల ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. కాళ్లకు తోలుచెప్పులు.”

“చెప్పులతోనే తెప్ప ఎక్కాడా?”

“ఇసక కాలుతోంది కదండీ, విప్పలేదు. దారిలో కుడిచెప్పు పట్టీ తెగితే ఎవరో పుణ్యాత్ముడు కుట్టిచ్చాడు కూడా. ఆ చెప్పులతోనే పోయాడు పాపం.”

అబద్ధానికి తోడుగా నాలుగు నిజాలను పంపే రకం ఈ మనిషి. పట్టీ తెగిన మాట నిజమేనని వసుమతికి తెలుసు. ఎవరు కుట్టారో, దేంతో కుట్టారో కూడా తెలుసు.

నిన్నటిదాకా ఆమె ఆ ఒడ్డునే ఉంది. భీమిలి దగ్గర బస్సు దిగి, రోడ్డున్న చోట ఆటోలో, లేని చోట కాలినడకన, ఏరు సముద్రంలో కలిసే చోట పడవలో, ప్రమోద్ చెప్పిన ప్రతి ఊరూ వరసన తిరిగింది. చలి వెళ్లి ఎండలు ఇంకా ముదరని రోజులవి. దిబ్బల మీద జీడిమామిడి పూత ఘాటుగా వాసన వేస్తోంది. కింద నల్లటి రాళ్ల మీద అలలు విరుగుతుంటే, రెండు రాళ్ల మధ్య తెప్ప పట్టేంత సందు చూసుకుని మనుషులు ఒడ్డు చేరుతున్నారు. ఊరూరా అవే తాటాకు కప్పులు, అదే ఎండుచేపల వాసన, గట్టు మీద అదే అమ్మవారి గుడి. ఇరవై ఏళ్ల కింద ఇలాంటి ఊరినే వదిలి హైదరాబాద్ వచ్చింది వసుమతి. పోలీసు ఉద్యోగం చేసింది, మానేసింది, పంజాగుట్టలో మందుల షాపు పైన సొంత ఆఫీసు పెట్టుకుంది. ఆ వాసన తగలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడాల్సిన పనేం లేదని తుడుచుకోకుండానే నడిచింది.

గుల్లరేవుకు రెండు ఊళ్ల ముందు నూకాలమ్మ అనే ఆమె ఇసకలో వల పరుచుకుని చిరుగులు కుడుతోంది. వంశీ ఫొటో చూపించగానే గుర్తుపట్టింది.

“ఓలమ్మా, ఈ బాబే! రాయి తగిలి సెప్పు తెగిపోనాది. కుంటుకుంటూ వత్తన్నాడు. మా ఓడు పిలిసి వలదారంతో కుట్టీసినాడు. డబ్బులిత్తానంటే ఒద్దన్నాడు మా ఓడు. బాబు మంచోడమ్మా, సముద్రం వేపు సూడ్డానికే బయపడ్డాడు. దూరంగా కూకున్నాడు.”

ఆ ఆకుపచ్చ నైలాన్ దారంలో జానెడు ముక్క అడిగి తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది వసుమతి. ఎందుకో అప్పుడు ఆమెకే తెలీదు. గుల్లరేవులో మాత్రం ఎవరినడిగినా ఒకటే మాట. ఆ మధ్యాహ్నం తెప్ప తిరగబడ్డం తాము చూడలేదు, ఏ తెప్పనూ ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రం పోలీసులొచ్చి చెప్పేదాకా వాళ్లకు సంగతే తెలీదు.

“అయిపోయిందా?” సి.ఐ. టోపీ పెట్టుకున్నాడు.

“వంశీ కూర్చునే చోటు చూసి వెళ్తాను.”

ప్రమోద్ కనురెప్ప కొట్టలేదు. “మూడో అంతస్తు ల్యాబ్‌లోనండీ. ఏసీ పాడైతే మూసేశాం. తాళం మా బావమరిది దగ్గరుంది. వాడేమో పని మీద బయటికి పోయాడు.”

“తలుపు బయట నుంచే చూస్తాను. దానికి తాళం అక్కర్లేదుగా.”

“ఒక్కదాన్నే పంపనమ్మా,” అన్నాడు హనుమత్ప్రసాద్. “నీ సంగతి నాకెర్క. నువ్వు నడువు, నేనొస్తున్న.”

బయట రిసెప్షన్లో మంజూష సోఫా అంచున కూర్చుంది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చిందేమో, మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది. పక్కన అహ్మద్. వసుమతికి కారు డ్రైవరూ అతనే, తమ్ముడి లెక్కా అతనే. జావా బ్యాచ్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని బిలబిలమని పై మెట్లు ఎక్కుతున్నారు.

“మేడమ్,” మంజూష లేచి నిలబడింది. “సంతకం పెడితే అన్నయ్య పోయాడని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు కదా?”

“నేను కిందికి వచ్చేదాకా దేని మీదా పెట్టకు. ఎవరడిగినా సరే.”

“అన్నయ్య బతికున్నాడంటారా?”

అలాంటి ప్రశ్నకు వసుమతి ఎప్పుడూ జవాబివ్వదు. ఆశ పెట్టి కూలదోయడం కంటే పాపం లేదని ఆమె నమ్మకం. ఈసారి మాత్రం ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, “ఉన్నాడనే వెతుకుతున్నాను,” అంది. తర్వాత అహ్మద్ వైపు తిరిగి, “భాయ్, ఇక్కణ్నుంచి కదలకండి,” అని చెప్పింది.

“ఫికర్ చెయ్యకున్రి మేడమ్. నేనున్న.”

రెండో అంతస్తు దాటాక మెట్ల మలుపులో సి.ఐ. ఆమెను అందుకున్నాడు. ఆయాసపడుతూ గోడకు చెయ్యి ఆనించాడు.

“వసుమతమ్మా, సాఫ్ సీదా ముచ్చట చెప్తున్న. గీ కేసుల ఏం లేదు. నా మీద పైనోళ్లు కూసున్నరు. ఆయనకు మస్తు మంది తెలుసు. నువ్వు మళ్ల లొల్లి చేసినవనుకో, నీ లైసెన్సు, బోర్డు అన్నీ తీయిస్త.”

“డిటెక్టివులకు లైసెన్సు లేదు సి.ఐ. గారూ. బోర్డొక్కటే ఉంది. కావాలంటే మీరే నిచ్చెనేసుకుని తీసుకెళ్లండి.”

“నవ్వుతున్నవా?”

“లేదు. అతను అబద్ధం చెప్పాడు, మీరు పక్కనే కూర్చుని విన్నారు.”

“ఏంది అబద్ధం?”

“తెప్ప.”

హనుమత్ప్రసాద్ నుదురు చిట్లించాడు. వసుమతి ఒక మెట్టు కిందికి దిగి, ఆయనకు ఎదురుగా నిలబడింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎస్.ఐ.లు. ఆమె పట్టిన దొంగను తన ఖాతాలో వేసుకుని ఈయన సి.ఐ. అయ్యాడు. ఆ కోపం ఇంకా ఉంది. కానీ ఇప్పుడు దానికి వేళ కాదు.

“మా ఒడ్డున తెప్ప వేట నుంచి రాగానే విప్పేస్తారు. దుంగలు నీళ్లు పీల్చుకుని బరువెక్కుతాయి, ఎండకపోతే మర్నాడు తేలవు. అందుకని కట్లు విప్పి, ఒక్కో దుంగా విడిగా ఇసకలో పరుస్తారు. తాళ్లూ, తెడ్డూ ఇంటికి మోసుకుపోతారు. చిన్నప్పుడు ఆ తడి తాళ్లు మోసింది నేనే. భుజం ఒరుసుకుపోయేది. పన్నెండున్నరకు, అందులోనూ అంతా వేట నుంచి వచ్చి పడుకున్నారంటున్నాడే, అప్పుడు గుల్లరేవు ఒడ్డున కట్టిన తెప్ప ఉండదు. దుంగలుంటాయి. వాటిని ఎక్కి ఎవడూ సముద్రంలోకి పోలేడు.”

“ఎవడో ఒకడు ఇప్పకుండ వదిలిండనుకో?”

“తన కూటికి తనే నిప్పు పెట్టుకునేవాడు ఆ ఊళ్లో లేడు. నేను వెళ్లి అడిగొచ్చాను.”

“మరి కట్టిన తెప్ప ఆయన ఏడ చూసిండు? దుంగలెన్ని, తాడు ఏడున్నది, అన్నీ చెప్తుండు కద.”

“అదే! చూశాడు. ఎప్పుడు చూశాడో అదే అడగండి. తెల్లవారుజామున వేటకు పోయే ముందు చూశాడు. అప్పుడే కడతారు. అప్పుడు చూసిన తెప్ప పొద్దంతా అలాగే ఉంటుందనుకుని, మధ్యాహ్నం కథలో దాన్ని పెట్టుకున్నాడు. పట్నం మనిషి కదా. కారు పార్క్ చేస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది, తెప్ప కూడా అంతే అనుకున్నాడు.”

సి.ఐ. గోడ మీంచి చెయ్యి తీశాడు. ఆయన తెలివితక్కువవాడేం కాదు, బద్ధకస్తుడు. “సరే. అబద్ధమే అనుకుందాం. గంతమాత్రాన ఏమైతది? మధ్యాహ్నం కాకపోతే పొద్దున మునిగిండు.”

“పొద్దున మునిగితే పొద్దుననే చెబుతాడు. మధ్యాహ్నం దాకా ఎందుకు జరిపాడు? పొద్దున్నే ఆ ఊరి నుంచి ఏం వెళ్లింది?”

“సుమో,” అన్నాడు హనుమత్ప్రసాద్, నోట్లోంచి దానంతటదే వచ్చినట్టు.

“సుమో వెళ్లాక కూడా వంశీ గుల్లరేవులోనే ఉన్నాడని మనం నమ్మాలి. అందుకే మధ్యాహ్నం దాకా మాటల్లో బతికించి, ఆ తర్వాత ముంచాడు. ఈలోపు సుమో దాటాల్సిన ఊళ్లన్నీ దాటేసింది.”

“దుంగల గురించి కోర్టుల చెప్తే జడ్జి నవ్వుతడమ్మా.”

“కోర్టు సంగతి తర్వాత. ముందు మనిషి కావాలి.”

మూడో అంతస్తులో అలికిడి లేదు. ఒక పెద్ద తలుపుంది, దాని మీద ‘ఏసీ రిపేరు. ల్యాబ్ మూయబడినది’ అని కాగితం అంటించి ఉంది. తలుపుకు తాళం. పక్కన గోడకు ‘చెప్పులు విడిచి లోపలికి రావలెను’ అన్న బోర్డు, దాని కింద చెప్పుల అర. అమీర్‌పేటలో ఏ కంప్యూటర్ ల్యాబ్‌కైనా ఇదే మడి. లోపలికి దుమ్ము పోతే మెషిన్లు చెడతాయని గుడి దగ్గర లాగే బయటే విడిపిస్తారు. వసుమతికి కూడా బోర్డు చూడగానే కాళ్లు వాటంతటవే చెప్పులు వదిలాయి. వదిలాక తనకే నవ్వొచ్చింది. తాళం వేసిన గది ముందు ఎందుకీ భక్తి?

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

మూసేశామన్న ల్యాబ్. అర ఖాళీగా ఉండాలి. కింది వరసలో, మూలకు ఒక జత చెప్పులున్నాయి. తోలుచెప్పులు. అంచున ఉప్పు చారలు తెల్లగా మెరుస్తున్నాయి. పక్కపక్కన సర్ది పెట్టి ఉన్నాయి.

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. కుడిచెప్పు చేతిలోకి తీసుకుంది. పట్టీ తెగిన చోట ఆకుపచ్చ నైలాన్ దారం కుట్లు, చివర మూడు ముడులు. చెప్పులు కుట్టేవాళ్లు వేసే ముడి కాదది. వల అల్లేవాళ్ల ముడి. తడిస్తే ఇంకా బిగుస్తుంది కాని ఊడదు. నాన్న దీపం ముందు కూర్చుని ఆమె వేళ్లు పట్టుకుని నేర్పిన ముడి. హ్యాండ్‌బ్యాగులోంచి నూకాలమ్మ ఇచ్చిన ముక్క తీసి పక్కన పెట్టింది. రెండూ ఒకటే దారం.

“సి.ఐ. గారూ, ఈ చెప్పులతోనే మునిగిపోయాడని ఇందాక ఎవరు చెప్పారు?”

హనుమత్ప్రసాద్ వంగి చూశాడు. చెప్పు చూశాడు, దారం ముక్క చూశాడు, మళ్లీ చెప్పు చూశాడు. సముద్రం ఒడ్డున నూకాలమ్మ మొగుడు కుట్టిన సంగతి ఆమె రెండు ముక్కల్లో చెప్పేసరికి ఆయన మెడ మీద చెమట పట్టింది.

“ఈడికెట్ల వచ్చినయ్?”

“కాళ్లతో వచ్చాయి. సుమోలో వంశీని తెచ్చింది బావమరిది. వాడు ఇక్కడ ల్యాబ్ ఇన్‌చార్జి, మంజూష అన్నీ చెప్పింది. చెప్పులతో లోపలికొచ్చే పిల్లల మీద రోజూ అరిచేది వాడే. సోయి లేని మనిషిని మోసుకొచ్చినా ఈ గడప దగ్గరకు రాగానే అలవాటు కొద్దీ చెప్పులు ఊడదీసి అరలో పెట్టాడు. ప్రమోద్ యజమాని, బూట్లతోనే లోపలికి పోతాడు. ఈ అర వంక ఆయన ఎన్నడూ చూసుండడు.”

“అయితే...”

“వచ్చిన చెప్పులు మళ్లీ వెళ్లలేదు సి.ఐ. గారూ.”

ఆమె లేచి అరచేత్తో తలుపు మీద గట్టిగా కొట్టింది. “వంశీ! వంశీకృష్ణా! మంజూష పంపింది నన్ను!”

మొదట ఏమీ లేదు. కింద జావా క్లాసులో ఎవరో పాఠం చెబుతున్న గొంతు వినిపిస్తోంది. తర్వాత తలుపు అవతల ఏదో బరువైనది నేలను కొట్టుకున్న చప్పుడు. మళ్లీ ఒకసారి. మళ్లీ.

వసుమతి మెట్ల దగ్గరకు పరిగెత్తి కిందికి వంగి అరిచింది. “అహ్మద్ భాయ్! డిక్కీలోంచి జాకీ రాడ్డు తీసుకుని పైకి రండి! పరుగు!”

అహ్మద్ వచ్చేలోపు హనుమత్ప్రసాద్ రెండుసార్లు భుజంతో తలుపు గుద్దాడు. వారెంటు మాట ఆయనా ఎత్తలేదు, ఆమే గుర్తు చేయలేదు. రాడ్డు కొండీలో దూర్చి అహ్మద్ ఒక్క ఊపు ఊపగానే తాళం ఊడి మెట్ల మీద దొర్లింది.

లోపల ఏసీ చక్కగా పనిచేస్తోంది. ఆఖరి వరసలో ఒక్క కంప్యూటర్ వెలుగుతోంది. దాని ముందు కుర్చీతో సహా నేల మీద పక్కకు పడి ఉన్నాడు వంశీకృష్ణ. చేతులు వెనక్కి విరిచి నెట్‌వర్క్ కేబుల్‌తో కట్టేశారు. నోటికి పార్సిల్ టేపు. నీలం చొక్కా మాసి నల్లబడింది. ఉత్త కాళ్లు. ఇందాక తలుపు అవతల చప్పుడు చేసింది ఆ మడమలే.

“యా అల్లా,” అన్నాడు అహ్మద్.

వసుమతి టేపు లాగేసింది. పది రోజుల గడ్డంతో పాటు వచ్చింది. కుర్రాడు నొప్పికి అరవలేదు. ఊపిరి తీసుకుని, ఎవరు మీరని కూడా అడగకుండా, “మంజూ ఏది?” అన్నాడు.

“కిందే ఉంది బాబూ. నీకేం భయం లేదు.”

“నాక్కాదు...” గొంతు ఎండిపోయి మాట పెగల్లేదు. అహ్మద్ బాటిల్లో నీళ్లు పోశాడు. “ప్రమోద్ ఆ ఆసుపత్రుల ప్రోగ్రాం పాస్‌వర్డ్ చెప్పమన్నాడు. దాన్ని బయటి కంపెనీకి వాడొక్కడే అమ్ముకోవాలి. నేను చెప్పలేదు. కొట్టాడు, తిండి మానిపించాడు, అయినా చెప్పలేదు. పొద్దున వచ్చి నవ్వాడు. సాయంత్రం నాలుగు తర్వాత నీ చెల్లెల్ని నా దగ్గర పెట్టుకుంటా, ఆ పిల్ల ఏడుపు ఫోన్లో వినిపిస్తా, అప్పుడు నువ్వే చెబుతావు అన్నాడు. మంజూని వాడి కంట పడనివ్వకండి మేడమ్.”

వసుమతి అహ్మద్ వైపు చూసింది. అహ్మద్ చేతిలోని రాడ్డు వైపు చూసింది. అతన్ని పైకి పిలిచింది తనే. ఆ పిల్లను ఒంటరిగా వదిలేయించింది తనే. గద్ద ముందు కోడిపిల్లను పెట్టి తను దారాలు సరిపోల్చుకుంటూ కూర్చుంది.

“భాయ్, మీరు వచ్చేటప్పుడు ప్రమోద్ ఎక్కడున్నాడు?”

“రూమ్ల ఫోన్ మాట్లాడుతుండె మేడమ్. నేను రాడ్డు కోసం కిందికి పోయినప్పుడు గేటు కాడ ఒక సుమో వచ్చి ఆగింది. నేను ఫికర్ చెయ్యలే...”

హనుమత్ప్రసాద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

“నేనే చెప్పిన,” అన్నాడు. “నువ్వు మెట్లెక్కినంక ఆయనకు చెప్పిన. నా జీపుల జాగ లేదు, అమ్మాయిని మీరే మీ బండిల స్టేషనుకు తోలుకరాండ్రి అని. సి.ఐ. సాబ్ చెప్పిండంటే ఆమె సుత కాదనదని...”

తిట్టడానికి వసుమతికి నోట్లో చాలా మాటలున్నాయి. ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. “భాయ్, మీరు ఈ బాబు దగ్గరుండండి. తలుపు మూసుకోండి, మేం వచ్చేదాకా ఎవరికీ తీయొద్దు,” అని గడప దాటింది. అర దగ్గర వంశీ చెప్పుల పక్కన ఆమె చెప్పులు అలాగే ఉన్నాయి. వాటి వంక చూడకుండా ఉత్త కాళ్లతో మెట్లు దిగింది. వెనక సి.ఐ. బూట్లు ధనధన మోగుతూ వస్తున్నాయి.

మొదటి అంతస్తు రిసెప్షన్లో సోఫా ఖాళీగా ఉంది. ప్రమోద్ గది తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. ఆమె ఆగలేదు.

గేటు దగ్గర సుమో లేదు. జెరాక్స్ షాపు ముందు జనం ఎప్పట్లాగే ఉన్నారు, ఎవరికీ ఏదీ తెలిసినట్టు లేదు. చివరి మెట్టు దిగుతుండగా వసుమతి పాదానికి మెత్తగా ఏదో తగిలింది. వంగి చూసింది.

ఆడపిల్ల చెప్పు, ఎడమ కాలిది. ముందు పట్టీ తెగి వేలాడుతోంది. కాస్త దూరంలో మట్టిలో మంజూష మెడలోని ఐడీ కార్డు పడి ఉంది. సంతకం కోసం పిలిస్తే నడిచి వెళ్లిన పిల్ల కాదు, తన మాట గుర్తుంచుకుని రానని పెనుగులాడిన పిల్ల.

వసుమతి ఆ చెప్పు తీసి పైటకొంగులో కట్టుకుంది. కాళ్ల కింద తారు రోడ్డు కాలుతోంది. హనుమత్ప్రసాద్ ఆమె వెనకే వచ్చి నిలబడి, ఆమెను ఎరిగిన ఇన్నేళ్లలో మొదటిసారి మర్యాదగా అడిగాడు.

“ఏం జేద్దాం, మేడమ్?”

“వైర్‌లెస్ తీయండి. సుమో నంబరు నాకు నోటికొచ్చు. ఆ పిల్లను నేనే మీకూ, ఆ ప్రమోద్‌కూ మధ్య వదిలేశాను. నేనే తెచ్చుకుంటాను,” అంది వసుమతి. అప్పటికే ఆమె జీపు ముందు సీట్లో కూర్చుంది.